లిథియం బ్యాటరీ పరికరాల అంతర్జాతీయ రవాణా – వ్యవసాయ పరిశోధకులు పాటించవలసిన నిబంధనలు

నేల తేమను నమోదు చేసే సెన్సార్లు, వాతావరణ డేటా లాగర్లు, ఆకు పచ్చదనాన్ని కొలిచే చేతి పరికరాలు, పిచికారీ డ్రోన్లు నేడు క్షేత్ర పరిశోధనలో అంతర్భాగమైనాయి. వీటిలో అనేకం లిథియం బ్యాటరీలతో పనిచేస్తాయి. ఉమ్మడి ప్రాజెక్టులలో భాగంగానో, కాలిబ్రేషన్ లేదా మరమ్మతు కొరకో వీటిని విదేశాలకు పంపవలసి వస్తుంది. బ్యాటరీ ఉన్నందున ఇటువంటి పరికరం ప్రమాదకర సరకుల నిబంధనల పరిధిలోకి వస్తుంది. నిబంధనలు పాటించని పెట్టె విమానాశ్రయంలోనే నిలిచిపోవచ్చు. పైరు మాత్రం దాని కొరకు ఆగదు. పిలకల దశలోనో, పూత దశలోనో తప్పిపోయిన కొలతలను మరుసటి పంటకాలం వరకు తిరిగి పొందలేము.

నిబంధనల నేపథ్యం

లిథియం అయాన్ బ్యాటరీలో ద్రావణం మండే స్వభావం గలది. లోపల షార్ట్ సర్క్యూట్ ఏర్పడినా, బయటి నుండి తీవ్రమైన వేడి తగిలినా ఒక సెల్‌లో ఉష్ణోగ్రత అదుపు తప్పి పెరిగి పక్క సెల్‌లకు వ్యాపిస్తుంది. దీనినే థర్మల్ రన్‌అవే అంటారు. విమానాల సరకు గదులలో వాడే హేలాన్ వాయువు మంటను అణచగలదు గాని ఈ చర్యను ఆపలేదు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుండి బయలుదేరిన యు.పి.ఎస్. సరకు విమానంలో, లిథియం బ్యాటరీలున్న సరకులో మంటలు చెలరేగి విమానం కూలిపోగా ఇద్దరు పైలట్లు మరణించారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రయాణికుల విమానాలలో విడి లిథియం లోహ బ్యాటరీలను సరకుగా పంపడాన్ని 2015 జనవరి 1 నుండి, విడి లిథియం అయాన్ బ్యాటరీలను 2016 ఏప్రిల్ 1 నుండి నిషేధించింది. సరకు విమానంలో పంపే విడి అయాన్ బ్యాటరీల చార్జి 30 శాతానికి మించరాదు. పరికరంతోపాటు అదే పెట్టెలో వేరుగా ఉంచిన అయాన్ బ్యాటరీలకు సైతం, అతి చిన్నవి మినహా, 2026 జనవరి 1 నుండి ఈ పరిమితి తప్పనిసరి.

వర్గీకరణ

రీచార్జి చేయదగిన అయాన్ బ్యాటరీలు విడిగా ఉంటే యు.ఎన్. 3480, పరికరంలో గాని పరికరంతోపాటు గాని ఉంటే యు.ఎన్. 3481 సంఖ్య వర్తిస్తుంది. ఒకసారి మాత్రమే వాడే లోహ బ్యాటరీలకు ఇవే సందర్భాలలో యు.ఎన్. 3090, యు.ఎన్. 3091 వర్తిస్తాయి. సర్క్యూట్ బోర్డులో బిళ్ళ ఆకారపు సెల్ మాత్రమే అమర్చిన పరికరానికి బ్యాటరీ గుర్తు అతికించనవసరం లేదు.

శక్తి లెక్క

వోల్టేజిని ఆంపియర్-అవర్‌తో గుణిస్తే వాట్-అవర్ విలువ వస్తుంది. 3.7 వోల్టులు, 2.6 ఆంపియర్-అవర్ల బ్యాటరీ గల చేతి పరికరం శక్తి 9.62 వాట్-అవర్లు మాత్రమే. 22.2 వోల్టులు, 16 ఆంపియర్-అవర్ల పిచికారీ డ్రోన్ బ్యాటరీ శక్తి 355.2 వాట్-అవర్లు.

ప్రయాణికులు 100 వాట్-అవర్ల వరకు గల బ్యాటరీలను తీసుకువెళ్ళవచ్చు. 100 నుండి 160 వరకు విమాన సంస్థ అనుమతి అవసరం. అంతకు మించినవి సామానులో నిషిద్ధం. అదనపు బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచాలి. కావున డ్రోన్ బ్యాటరీని శాస్త్రవేత్త తన వెంట తీసుకువెళ్ళడం సాధ్యపడదు. 100 వాట్-అవర్లకు మించిన బ్యాటరీని విమాన సరకుగా పంపాలంటే 9వ తరగతి లేబుల్, ప్రమాదకర సరకుల ప్రకటన పత్రం, శిక్షణ పొందిన వ్యక్తి చేత ప్యాకింగ్ తప్పనిసరి.

ఉబ్బిన, దెబ్బతిన్న బ్యాటరీలు

భద్రత దృష్ట్యా లోపం గల బ్యాటరీలను విమానంలో పంపరాదు. మరమ్మతుకు పంపే పరికరం నుండి అటువంటి బ్యాటరీని తొలగించి, పరికరాన్ని మాత్రమే పంపాలి. బ్యాటరీ ఉన్న సంగతిని దాచి పంపడం నేరం.

భారతదేశంలో

విమానాలలో ప్రమాదకర సరకుల రవాణాకు 2003లో ప్రత్యేక నియమావళి రూపొందింది. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఈ రవాణాను పర్యవేక్షిస్తుంది. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి 9న నిషేధం విధించినప్పుడు విడిభాగాలకు మినహాయింపు లభించింది. పరిశోధన, అభివృద్ధి అవసరాలకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ అనుమతితో దిగుమతికి అవకాశం కల్పించారు.

ప్రణాళికలో పాటించవలసినవి

1. కొనుగోలు సమయంలోనే బ్యాటరీ రకం, వాట్-అవర్ల వివరాలతోపాటు ఐక్యరాజ్యసమితి 38.3 పరీక్షల సారాంశ పత్రాన్ని తీసుకోవాలి. తయారీదారులు దీనిని అందుబాటులో ఉంచడం 2020 జనవరి 1 నుండి తప్పనిసరి.

2. బ్యాటరీని సులభంగా వేరుచేయగల పరికరాలను ఎంచుకోవాలి. ఆల్కలైన్ సెల్‌లతో పనిచేసే లాగర్లకు లిథియం నిబంధనలు వర్తించవు.

3. డ్రోన్ బ్యాటరీలను వీలైనంత వరకు గమ్యదేశంలోనే కొనాలి. అధిక సంఖ్యలో పంపవలసి వస్తే, వ్యవధి ఉన్నప్పుడు, సముద్ర రవాణా అనుకూలం. అందులోనూ ఇవి 9వ తరగతి సరకులే.

4. రవాణా తేదీని విత్తే తేదీ నుండి వెనుకకు లెక్కించి నిర్ణయించాలి. అనుమతులు, ప్యాకింగ్, కస్టమ్స్ తనిఖీలకు పట్టే వ్యవధిని అందులో చేర్చాలి.

ప్రయోగ ప్రణాళికలో విత్తనం, ఎరువులతో సమానంగా బ్యాటరీకి కూడా ఒక పంక్తి కేటాయించినట్లయితే, పరికరాలు అదునుకు పొలం చేరుతాయి.