ఒకే ఇంటిపేరు, రెండు గంటల కర్మాగారములు



ఆదివారము ఉదయము మందిరపు గంట మ్రోగగానే మనము ఆరాధనకు బయలుదేరుతాము. ఆ గంట మీద పోతపోసిన అక్షరములను చదివినవారు మాత్రము మనలో బహు కొద్దిమంది. పోసినవారి పేరు, ఊరు చాలా గంటల మీద వుంటాయి. అమెరికా దేశములోని పాత దేవాలయముల గంటల మీద తరచుగా కనబడే పేరు మెనీలీ. ఆ పేరు కోసము తోబుట్టువులు న్యాయస్థానమునకెక్కిన సంగతి ఈ నెల మీతో పంచుకోవాలనుకుంటున్నాము.

1826లో ఆండ్రూ మెనీలీ అనే ఆయన న్యూయార్క్ రాష్ట్రములో, హడ్సన్ నది పడమటి ఒడ్డున వున్న వెస్ట్ ట్రాయ్‌లో గంటలు పోతపోసే పని ప్రారంభించారు. ఆ ఊరినే తరువాత వాటర్‌వ్లీట్ అన్నారు. అంతకు ముందు ఏడాదే ఈరీ కాలువ పూర్తయింది. పడమట కొత్తగా వెలసిన ఊళ్ళకు బరువైన గంటలను పడవల మీద పంపే దారి ఏర్పడింది.

గంట పోయుట ఓర్పుతో కూడిన పని. గంటల కంచులో నూటికి సుమారు 78 పాళ్ళు రాగి, 22 పాళ్ళు తగరము వుంటాయి. తగరము తగ్గితే నాదము మొద్దుబారుతుంది, మరీ ఎక్కువైతే గంట పెళుసై పగులుతుంది. లోపలి అచ్చుకూ పై అచ్చుకూ మధ్యనున్న సందులో కరిగిన లోహమును పోసి, తొందరపడక చల్లారనివ్వాలి.

1851లో ఆండ్రూ మరణించాక కుమారులు ఎడ్విన్, జార్జి ఆ పని సాగించారు. 1870లో వారి తమ్ముడు క్లింటన్, కింబర్లీ అనే భాగస్వామితో కలిసి, నదికి ఆవలి ఒడ్డున ట్రాయ్ పట్టణములో వేరే కర్మాగారము పెట్టారు. దానికీ మెనీలీ పేరే. అన్నలు ఊరుకోలేదు. ఆ పేరు తమ వ్యాపారమునకు చెందినదనీ, తమ్ముడు దానిని వాడరాదనీ దావా వేశారు. 1875లో న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము తమ్ముని పక్షమున తీర్పు చెప్పింది. మోసము లేనంతవరకు ఎవరి పేరుతో వారు వ్యాపారము చేసుకొనవచ్చునన్నది దాని సారాంశము.

ఆరాధనకు పిలిచే గంటలు చేసేవారే ఇలా విడిపోయారా అని మీరనవచ్చు. పొలము గట్టు కోసము, తండ్రి కట్టిన ఇంటి కోసము మాటలు మానుకొన్న అన్నదమ్ముల మధ్య కూర్చున్న మాకు ఇది వింతగా తోచలేదు. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయములో సహోదరుల వ్యాజ్యెములను గూర్చి హెచ్చరించినది సంఘస్థులనే గదా!

మరుసటి సంవత్సరము, అంటే 1876లో, అమెరికా స్వాతంత్ర్య శతవార్షికోత్సవము వచ్చింది. ఫిలడెల్ఫియాలోని ఇండిపెండెన్స్ హాలు గోపురమునకు క్రొత్త గంట పోసే పని క్లింటన్ కర్మాగారమునకు దక్కింది. తొలి 13 రాష్ట్రములకు గుర్తుగా దాని బరువు 13,000 పౌండ్లు, అనగా దాదాపు ఆరు టన్నులు. ఆ లోహములో నాలుగు ఫిరంగులను కరిగించి కలిపారు. రెండు 1777 నాటి సారటోగా యుద్ధములోనివి: ఒకటి ఆంగ్లేయులది, ఒకటి అమెరికనులది. మిగిలిన రెండు 1863 నాటి గెట్టిస్‌బర్గ్ యుద్ధములోనివి. అది అంతర్యుద్ధము గనుక అవి ఒకే దేశపు ఉత్తరాదివారిదీ, దక్షిణాదివారిదీ. ఎదురెదురుగా నిలిచి కాల్చిన ఫిరంగులు ఒకే కొలిమిలో కరిగాయి. యెషయా రెండవ అధ్యాయము చదివినప్పుడెల్లా మాకు ఈ గంట జ్ఞాపకము వస్తుంది. దానిని పోసిన ఇంటివారు మాత్రము నదికి చెరియొక ఒడ్డున ఎవరి పని వారు చేసుకొంటూ వచ్చారు.

1950ల తొలినాళ్ళలో రెండు కర్మాగారములూ మూతబడ్డాయి. అప్పటికి రెండూ కలిసి సుమారు 65,000 గంటలు చేశాయని అంచనా. ఏది అన్నలది, ఏది తమ్మునిది అని తెలిసికోవాలంటే గోపురము మెట్లెక్కి, గంట మీద ఊరి పేరు చదవాలి: వెస్ట్ ట్రాయ్ అని వున్నదా, ట్రాయ్ అని వున్నదా అని.