రాగి చెక్కుచెదరలేదు, కారు మాత్రం ఆగిపోయింది

ఒకరోజు తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఒక అగ్గిపెట్టె తెచ్చి నా బల్లమీద పెట్టాడు. లోపల ఏ పురుగో ఉంటుందనుకున్నాను. తెరిచి చూస్తే వేలెడు పొడవున్న కరెంటు తీగ ముక్క. తీగమీద ఉండాల్సిన తొడుగు బిస్కత్తు పొడిలా రాలి పెట్టె అడుగున పడి ఉంది. రాగి మాత్రం లోపల మెరుస్తూనే ఉంది.

"రాగి బాగానే ఉండాది గదా సార్, మరి కారెందుకు ఆగిపోయింది?" అన్నాడు వాడు.

వాడి మేనమామ నెల్లూరులో మెకానిక్. మైపాడు దారిలో రొయ్యల చెరువులున్న ఒక పెద్దాయన తన పాత విదేశీ కారును ఆయన షెడ్డులో వదిలి వెళ్లాడట. ఒకప్పుడు ఊళ్లో అందరూ ఆగి చూసిన ఖరీదైన కారు. ఇప్పుడు వాన పడిన మరునాడు పొద్దున్నే స్టార్టు కాదు. దగ్గుతుంది, ఊగుతుంది, ఆగిపోతుంది. మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. "ఇంకో వారం చూస్తాను, లేకపోతే పాత ఇనుము కింద అమ్మేస్తాను" అన్నాడట పెద్దాయన. అది ఏ కంపెనీ కారన్నది మనకు ముఖ్యం కాదు. ఆ అగ్గిపెట్టెలోని పొడి ముఖ్యం.

పిల్లలూ! రాగి విద్యుద్వాహకమనీ, ప్లాస్టిక్కు విద్యుత్ బంధకమనీ మీరు చదువుకున్నారు. పరీక్షలో రెండింటికీ ఉదాహరణలు రాసి మార్కులు తెచ్చుకున్నారు. కానీ తీగలో కష్టమైన పని ఎవరిది అంటే చాలామంది రాగిదే అంటారు. నేను ఒప్పుకోను. రాగి ఎలక్ట్రాన్లకు దారి ఇస్తే చాలు. అవి దారి తప్పి పక్క తీగలోకి దూకకుండా, ఎండలోను, వేడిలోను, నూనెలోను, ఉప్పుగాలిలోను పాతికేళ్లపాటు కాపలా కాయాల్సింది పైనున్న తొడుగు. ఆ కాపలాదారు ముందుగా ముసలివాడైతే ఏమవుతుంది?

ఇలా ముసలితనం ముందే వచ్చిన తొడుగులు మోటారు చరిత్రలో ప్రసిద్ధమైనవే. స్వీడన్‌లో తయారైన వోల్వో కార్లలో 1980ల తొలి, మధ్య సంవత్సరాల మోడళ్లకు ఇంజను తీగల తొడుగు పొడిపొడిగా రాలిపోయింది. తర్వాత జర్మనీలో ఇంకా పెద్ద పేరున్న మెర్సిడెస్ బెంజ్‌కీ అదే అనుభవం. 1984లో ఆ కంపెనీ బయటికి తెచ్చిన డబ్ల్యు 124 అనే కారు ఎంత గట్టిదంటే, లక్షల కిలోమీటర్లు తిరిగినవి నేటికీ రోడ్లమీద కనిపిస్తాయి. మన దేశంలో ఆ కంపెనీ 1995లో పుణేలో కూర్చడం మొదలుపెట్టినదీ ఈ కారునే. అటువంటి కారులో, అదే కాలపు మరికొన్ని మోడళ్లలో, సుమారు 1992 నుంచి 1995 వరకు వచ్చిన పెట్రోలు ఇంజన్లకు వేసిన తీగల తొడుగు వేడికి తట్టుకోలేకపోయింది. ఇనుము అరగలేదు, ఇంజను అలసిపోలేదు. తీగ చుట్టూ ఉన్న అర మిల్లీమీటరు పొర ఓడిపోయింది.

పాత కార్ల అభిమానులు ఆ తీగలకు "మట్టిలో కలిసిపోయే తీగలు" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. పేరు బాగుంది గాని, శాస్త్రం ప్రకారం కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. సూక్ష్మజీవులేవీ ఇంజనులోకి దూరి దాన్ని తినలేదు. తిన్నది వేడి.

ఎలాగో చూద్దాం. ప్లాస్టిక్కులో అణువులు పొడవైన గొలుసుల్లాంటివి. సేమ్యా ఉడికించి గిన్నెలో వేస్తే పోగులు ఒకదానిమీద ఒకటి ఎలా జారుతాయో, ఈ గొలుసులు జారగలిగినంతకాలం ప్లాస్టిక్కు వంగుతుంది. కొన్ని ప్లాస్టిక్కులు, ముఖ్యంగా పి.వి.సి., స్వతహాగా బిరుసు. అందుకని గొలుసుల మధ్య నూనెలాంటి పదార్థం కలుపుతారు. దాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. వేడి తగిలేకొద్దీ అది మెల్లగా ఆవిరై పోతుంది. మరోవైపు గాలిలోని ఆక్సిజన్ గొలుసులనే తుంచుతుంది. పెట్టెలో ఏళ్లతరబడి ఉండిపోయిన వానకోటు మడత దగ్గర పగలడం మీరు చూసే ఉంటారు. అదీ ఇదే కథ.

ఇక్కడ చిన్న లెక్క. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రతతోపాటు ఎలా పెరుగుతుందో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్హీనియస్ 1889లో వివరించాడు. దానినుంచి వచ్చిన మోటు అంచనా ఒకటుంది: 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు. ఒక తొడుగు 30 డిగ్రీల నీడలో 40 ఏళ్లు నిలుస్తుందనుకోండి. ఇంజను పక్కన 90 డిగ్రీలు ఉంటుంది. అంటే 60 డిగ్రీలు ఎక్కువ. రెట్టింపును ఆరుసార్లు చేస్తే 64. నలభై ఏళ్లను 64తో భాగిస్తే ఏడున్నర నెలలు! కారు రోజంతా నడవదు కాబట్టి ఆ నెలలు ఏళ్లమీద పరుచుకుంటాయి. తీగకు సరైన తొడుగును ఎన్నుకోవడం ఎంత జాగ్రత్తగా చేయాల్సిన పనో ఈ లెక్కే చెబుతుంది.

ఇక మన కుర్రవాడి ప్రశ్న. వానకూ కారుకూ ఏమిటి సంబంధం?

ఇంజను నీళ్ల వేడిని కొలిచే చిన్న పరికరం ఒకటి ఆ కార్లలో ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. సాధారణంగా వాడే రకానికి 20 డిగ్రీల దగ్గర 2,500 ఓములు, 40 దగ్గర సుమారు 1,200, 80 దగ్గర సుమారు 320. కారులోని కంప్యూటరుకు చూపు లేదు. ఈ ఓములే దానికి కళ్లు. ఓములు ఎక్కువైతే "ఇంజను చల్లగా ఉంది, పెట్రోలు ఎక్కువ పోయాలి" అనుకుంటుంది. చలిలో పెట్రోలు సరిగా ఆవిరి కాదు గనుక ఆ ఎక్కువ అవసరమే.

ఇప్పుడు తొడుగు రాలిన రెండు తీగలు పక్కపక్కన ఉన్నాయి. మన తీరపు గాలి మీకు తెలుసు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అలల తుంపరతో ఆ ఉప్పు గాలిలోకి లేచి కిటికీ ఊచలమీద, సైకిలు చక్రాలమీద, ఇంజను మీద కూర్చుంటుంది. ఇసకపల్లి ఉప్పు మడుల దగ్గరికి వెళ్తే నాలుకకే తెలుస్తుంది. ఎండలో ఉన్నంతసేపు ఆ ఉప్పు నిద్రపోతుంది. ఈశాన్య ఋతుపవనాలు వచ్చి, గాలి చెమ్మగిల్లితే అది నీటిని పీల్చుకుని అయాన్ల పొరగా మారుతుంది. ఆ పొర రెండు తీగల మధ్య 2,500 ఓముల దొంగదారి వేసిందనుకుందాం. అసలు పరికరం 2,500, దొంగదారి 2,500. రెండూ సమాంతర సంధానంలో ఉన్నాయి, కలిపితే 1,250. కంప్యూటరు ఏమనుకుంటుంది? ఇంజను 40 డిగ్రీల దగ్గర ఉందనుకుంటుంది. పెట్రోలు తగ్గిస్తుంది. చల్లగా ఉన్న ఇంజనుకు అది చాలదు, దగ్గుతుంది. ఇటువంటి దొంగదారులు నాలుగు కలిస్తే ఆగిపోతుంది.

మరి మధ్యాహ్నానికి ఎందుకు బాగుపడుతుంది? ఎండకు చెమ్మ ఆరిపోతుంది, ఒక కారణం. ఇంకోటి మీరే లెక్క కట్టండి: 320 ఓములకు 2,500 ఓములు సమాంతరంగా కలిపితే ఎంత వస్తుంది? సుమారు 284. వేడి ఇంజనుకు ఆ తేడా ఒక లెక్కలోది కాదు. కారు వేళాకోళం చేయలేదు. ఓం నియమం చెప్పినట్టే నడుచుకుంది.

దగ్గడంతో పోతే నయమే. బాటరీనుంచి వచ్చే తీగ బోసిపోయి కారు ఒంటికి తగిలితే? 55 వాట్ల హెడ్‌లైటు 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్లు చిల్లర తీసుకుంటుంది. అదే షార్ట్ సర్క్యూట్‌లో బాటరీ, తీగ అన్నీ కలిపి 0.04 ఓములుంటే ప్రవాహం 300 ఆంపియర్లు. ముప్పాతిక చదరపు మిల్లీమీటరు మందమున్న ఒక మీటరు రాగి తీగ నిరోధం సుమారు 0.023 ఓములు. ప్రవాహం వర్గాన్ని నిరోధంతో గుణించండి: రెండు వేల వాట్లు దాటుతుంది. రెండు ఇస్త్రీపెట్టెల వేడి ఒక్క సన్నని తీగలో! ఫ్యూజు ఉన్న దారి అయితే ఫ్యూజు పోయి రక్షిస్తుంది. ఫ్యూజుకు ముందున్న భాగంలో జరిగితే రక్షించేవారు లేరు. పక్కనే పెట్రోలు గొట్టం ఉంది. పెట్రోలు సున్నాకంటే 40 డిగ్రీలు తక్కువలో కూడా అంటుకోగల ఆవిరి వదులుతుందని మరువకండి. కనుక "పొద్దున కదా దగ్గుతోంది, సాయంత్రం నడుపుకుందాం" అనడం ప్రమాదం.

ఆ మెకానిక్ నలుగురు ఆదివారపు సాయులను పిలిచినట్టు మమ్మల్నీ పిలిచాడు. మూడు ఆదివారాలు పట్టింది. ఆయన చేతులు, నా కళ్లజోడు, కుర్రవాడి నోటుపుస్తకం.

మొదట బాటరీ ఋణధ్రువం విప్పాడు. ధనధ్రువం ముందు విప్పితే? రెంచి పొరపాటున కారు ఒంటికి తగిలిందంటే, ఒళ్లంతా ఋణధ్రువమే గనుక నిప్పులు చిమ్ముతుంది. ఋణం ముందు విప్పితే ఆ వలయమే ఉండదు. తర్వాత తీగల కట్టను విప్పేముందు ప్రతి కొసకూ కాగితపు చీటీ కట్టి, నోటుపుస్తకంలో బొమ్మ గీయించాడు. ముప్పైకి పైగా తీగలు. చీటీలు లేకుండా విప్పినవాడు తిరిగి కట్టలేడు. కట్టను బల్లమీద పరచి పైతొడుగును బ్లేడుతో నిలువుగా చీలిస్తే లోపలినుంచి పొడి గుప్పెడు రాలింది.

పైన నల్లటేపు చుట్టేస్తే పోలేదా అని నేనే అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆలోచిస్తే నాకే తట్టింది. టేపు బయటినుంచి కట్టను చుడుతుంది. లోపల తీగకూ తీగకూ మధ్య ఏమీ లేదే! పైగా ఇంజను వేడికి టేపు జిగురు కరిగి జారుతుంది.

రాగి పచ్చబడిన చోట తీగనే మార్చాడు. రాగి, క్లోరైడు, నీరు, గాలి కలిస్తే వచ్చే ఆ పచ్చదనం సన్నపోగుల మధ్యకు కేశనాళికల్లోకి నీరెక్కినట్టు చాలా లోపలికి పాకుతుంది. అంగుళం కోసి చూసినా ఇంకా పచ్చగానే ఉంటుంది. కొత్త తీగ పాతదాని మందమే ఉండాలి, సన్నదైతే వేడెక్కుతుంది. తొడుగు కూడా ఇళ్లల్లో వాడే మామూలు పి.వి.సి. పనికిరాదు. దానికి 70 డిగ్రీలే హద్దు. గొలుసుల మధ్య అడ్డబంధాలు వేసిన పాలిథీన్ సుమారు 125 డిగ్రీలు, సిలికోన్ రబ్బరు 180 డిగ్రీలు ఓర్చుకుంటాయి.

రాగి శుభ్రంగా ఉన్న తీగలకు పాత పొడినంతా దులిపి, కొస పిన్ను తీసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాడు. దీని సంగతి చిత్రం. అడ్డబంధాలున్న ప్లాస్టిక్కు గొట్టాన్ని కర్మాగారంలో వేడిచేసి, సాగదీసి, అలాగే చల్లారుస్తారు. సాగిన గొలుసులు కదలలేక ఆగిపోతాయి. మనం మళ్లీ వేడిగాలి తగిలిస్తే అడ్డబంధాలు గొలుసులను పాత ఆకారానికి లాగుతాయి. గొట్టం సగానికి ముడుచుకుని తీగను చొక్కాలా పట్టేస్తుంది. కుర్రవాడు దీన్ని చూసి భోజనం మాట మరిచిపోయాడు.

చివర మల్టీమీటరు. ప్రతి తీగ ఈ కొసనుంచి ఆ కొసకు ఒక ఓములోపే చూపాలి. ఏ రెండు తీగల మధ్యనైనా ముల్లు కదలకూడదు. రెండుచోట్ల కదిలింది; మళ్లీ విప్పారు.

మీలో మెకానిక్కుల ఇళ్ల పిల్లలుంటే ఒక మాట. ఇది పెద్దవారి పక్కన నిలబడి చేయాల్సిన పని. ఇంజను నడుస్తుండగా స్పార్కు తీగల్లో ఇరవై వేల వోల్టులు దాటి ఉంటాయి. పాత తొడుగును కాల్చి ఊడదీయాలని మాత్రం చూడకండి, పి.వి.సి. కాలితే హైడ్రోజన్ క్లోరైడు వాయువు వస్తుంది, ఊపిరితిత్తులను కోస్తుంది.

ఇంట్లో చేయదగ్గది ఇది. ఒకే పొట్లంలోని రెండు రబ్బరు బాండ్లు తీసుకోండి. ఒకటి బీరువాలో, ఒకటి మిద్దెమీద ఎండలో చాచి కట్టి ఉంచండి. వారానికోసారి చూసి తేదీతో రాసుకోండి.

అన్నట్టు, వేడికి ఎన్నటికీ లొంగని బంధకం మన దగ్గరే దొరికింది. గూడూరు, సైదాపురం గనుల అభ్రకం ఐదువందల డిగ్రీల దగ్గర కూడా చలించదు. అందుకే విద్యుత్ పరిశ్రమ నెల్లూరు అభ్రకాన్ని వెతుక్కుంటూ వచ్చింది. అయితే దాన్ని తీగచుట్టూ మెలిపెట్టబోతే విరుగుతుంది. వంగేది కాలుతుంది, కాలనిది వంగదు. తీగలు చేసేవారి తలనొప్పంతా అక్కడే.

కార్తీకంలో మొదటి పెద్దవాన పడిన మరునాడు కుర్రవాడు బడికి అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని అడగలేదు. "మొదటి తిప్పుకే సార్" అన్నాడు, అడగకుండానే. అగ్గిపెట్టె ఇప్పుడు మా ప్రయోగశాల బీరువాలో, అభ్రకపు పలక పక్కన ఉంది.