గిన్నె మెరిస్తే చాలదు: కడిగితే పోయేదేది, ఎంత కడిగినా పోనిదేది?

అరకులోయ: వారపు సంతలో గిన్నెల దుకాణం దగ్గర ఎప్పుడూ నలుగురు నిలబడే ఉంటారు. టార్పాలిన్ కింద ఒక వరసలో స్టీలు పళ్ళేలు, ఒక వరసలో సిల్వర్ తపేలాలు, పక్కన రంగురంగుల ప్లాస్టిక్ టబ్బులు. కొనేవాళ్ళు చేసే పరీక్ష దాదాపు ఒకటే. గిన్నెను ఎండకు తిప్పి చూస్తారు, వేలితో కొట్టి చూస్తారు. మెరిసి, ఖంగుమంటే బేరం మొదలు.

ముందు ‘సిల్వర్’ మాట తేల్చుకుందాం. మనవైపు సిల్వర్ గిన్నె అంటే వెండి కాదు, అల్యూమినియం. కొన్ని చోట్ల సత్తు గిన్నె అంటారు. చిన్నప్పుడు ఒక ఇంగ్లిష్ దీనీ పుస్తకంలో ‘సిల్వర్ పాత్రల్లో తినకూడదు, తాగకూడదు’ అని చదివి, ఆ రాత్రి అమ్మీ సిల్వర్ పళ్ళెంలో అన్నం పెడితే నేను తిననని మొరాయించాను. ఇంట్లో చాలా రోజులు నవ్వుకున్నారు. హదీసుల్లో వద్దన్నది బంగారు, వెండి పాత్రలను. మన సత్తు పళ్ళేనికి, ఆ నిషేధానికి సంబంధం లేదు. కానీ ఈమధ్య ఈ విషయం గురించి చదువుతుంటే, ఆ రోజు నేను మొరాయించింది వేరే కారణంతో సరైనదేనేమో అనిపిస్తోంది.

మన ఇళ్ళలో గిన్నెల గురించి పట్టింపు తక్కువేమీ కాదు. పాక్, నాపాక్ అని చూస్తాం. హోటల్లో, టూరిస్టు కాటేజీలో, పరాయి పెళ్ళిలో ఆ గిన్నెలో ముందు ఏం వండారోనని ఆలోచిస్తాం. అరకు, పాడేరు వైపు ఉద్యోగం మీదో వ్యాపారం మీదో వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ళకీ, సెలవుల్లో పిల్లలతో వచ్చేవాళ్ళకీ ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. చిత్రం ఏమిటంటే, మనం ఎక్కువగా భయపడేది నీళ్ళతో కడిగితే పోతుంది. అసలు ఆలోచించనిది మాత్రం ఎంత కడిగినా పోదు.

మొదటిది చూద్దాం. సహాబీ అబూ సఅలబా ఖుషనీ (రజి) దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సరిగ్గా ఇదే అడిగారు. తాము గ్రంథప్రజల మధ్య ఉంటున్నామని, వాళ్ళ పాత్రల్లో తినవచ్చా అని. వేరే పాత్రలు దొరికితే వాటిలో తినమని, దొరకకపోతే వాటినే కడుక్కుని తినమని ఆయన (స) చెప్పినట్టు బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. అబూ దావూద్ సంకలనంలో ఆ ప్రశ్న ఇంకా వివరంగా ఉంది. వాళ్ళు ఆ కుండల్లో పంది మాంసం వండుతారు, ఆ పాత్రల్లో మద్యం తాగుతారు అని కూడా అడిగారు. జవాబు అదే, కడిగి వాడుకోండి. కుక్క మూతిపెట్టిన పాత్రకు ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో అని హదీసు. ఎన్నిసార్లు తప్పనిసరి అన్నదాంట్లో మజ్హబ్‌ల మధ్య తేడా ఉంది, అది మీ ఇమామ్ సాబ్‌ని అడిగి తెలుసుకోండి. కాటేజీ వంటింట్లో గిన్నెలు చూసి ఇబ్బంది పడేవాళ్ళకు దారి ఉంది. వేడినీళ్ళు, సబ్బు, శుభ్రమైన నీళ్ళతో చివరి కడుగు.

అరకు రోడ్డు పక్కన దొరికే బొంగు చికెన్ విషయంలో ఆ ఇబ్బంది కూడా లేదు. వెదురు బొంగు అప్పుడే కొట్టింది, వండాక పారేసేది. అక్కడ గిన్నె గురించి కాదు అడగాల్సింది, కోడిని ఎవరు, ఎలా కోశారని.

ఇక కడిగినా పోనిది సీసం. ఒకప్పుడు పెట్రోలులో, రంగుల్లో కలిపిన లెడ్. పాత ఇంజిన్ భాగాలు, తుక్కు కరిగించి పోతపోసిన అల్యూమినియం గిన్నెల్లో ఇది కలిసిపోయి ఉంటుంది. పైన అంటుకున్న మురికైతే తోమితే పోతుంది. ఇది లోహంలోనే ఉంది. పులుపు తగిలి, పొయ్యిమీద ఉడికేకొద్దీ కొంచెం కొంచెంగా కూరలోకి దిగుతుంది. రుచి మారదు, వాసన రాదు. శరీరంలో సీసం ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదారేళ్ళలోపు పిల్లల మెదడుకు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఎక్కువ ప్రమాదం.

ఇది ఎక్కడో ప్రయోగశాలలో తేలిన సంగతి కాదు. అమెరికాలో సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో అఫ్గాన్ శరణార్థి కుటుంబాల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా కనబడింది. కారణం వెతుకుతూ అధికారులు వాళ్ళ ఇళ్ళలోని అల్యూమినియం గిన్నెలు, కుక్కర్లు తీసుకుని పరీక్షించారు. పులుపుకు సమానమైన ద్రావణం పోసి వేడిచేస్తే చాలావాటినుంచి సీసం బయటికొచ్చింది. స్టీలు పాత్రల నుంచి వచ్చింది చాలా తక్కువ. ఆ పరిశోధన 2022లో వెలువడింది. 2024లో ఆ రాష్ట్రం వంటపాత్రల్లో సీసానికి హద్దు పెడుతూ చట్టం చేసింది. 2025 ఆగస్టులో అమెరికా ఎఫ్‌డీఏ కూడా, దిగుమతయ్యే కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిండాలియం పాత్రల నుంచి సీసం ఆహారంలోకి దిగవచ్చని హెచ్చరించింది. హిండాలియం అనే మాట మనకు కొత్తది కాదు. అమెరికాలో ఉన్న కూతురికో కొడుక్కో సూట్‌కేసులో గిన్నెలు సర్ది పంపేవాళ్ళు ఇది గమనించాలి.

అంటే ప్రతి సిల్వర్ గిన్నే విషమా? కాదు. మంచి కంపెనీ రేకు అల్యూమినియం వేరు, ఎక్కడ పోతపోశారో తెలియని గిన్నె వేరు. కంటితో చూసి తేడా చెప్పలేకపోవడమే అసలు చిక్కు. అందుకే గుర్తు చూడాలి. 2024 మార్చి 14న కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో స్టీలు, అల్యూమినియం వంటపాత్రలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేశారు. స్టీలుకు ఐఎస్ 14756, అల్యూమినియానికి ఐఎస్ 1660. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే తయారుచేసిందెవరో చూపిస్తుంది. కొండమీద సిగ్నల్ అందకపోతే గుర్తును ఫొటో తీసుకుని కిందికొచ్చాక చూసుకోండి. గుర్తు లేని పోత గిన్నె ఎంత చవకైనా పిల్లల అన్నానికి వద్దు.

మన్యంలో ఈ సంగతి ఇంకో రకంగా ముఖ్యం. ఇక్కడి తిండిలో పులుపుంది. చోడి అంబలి రాత్రి కలిపి ఉంచితే పొద్దుటికి పులుస్తుంది. చింతపండు ఈ కొండల పంటే. మన ఇళ్ళలో ఖట్టీ దాల్, బగారా బైంగన్, టమాటా సాలన్. ఇవన్నీ సిల్వర్ గిన్నెలో వండి, అదే గిన్నెలో రాత్రంతా ఉంచడం మామూలే. శుద్ధమైన అల్యూమినియమైనా పులుపుకు, ఎక్కువ ఉప్పుకు కరుగుతుంది. అన్నం వార్చుకోండి, పాలు కాచుకోండి, పర్వాలేదు. పులుపును మాత్రం స్టీలులోకో మట్టిపాత్రలోకో మార్చండి. పూర్వం ఆదివాసీలు పొలానికి అంబలి పట్టుకెళ్ళింది ఎండబెట్టిన ఆనపకాయ బుర్రలో. అందులో పులుపుకు కరిగే లోహం లేదు. ఇప్పుడు ఆ చోటుకి సిల్వర్ క్యారేజీ, ప్లాస్టిక్ సీసా వచ్చాయి.

స్టీలు కొనేటప్పుడు చాలామంది అయస్కాంతం పెట్టి చూడమంటారు. ఈ సలహా సగమే నిజం. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని అర్థం కాదు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకానికీ అంటుకోదు, నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 202 రకానికీ అంటుకోదు. అంటుకునేది 430 లాంటి రకం. దానితో చెంచాలు, ఇండక్షన్ గిన్నెల అడుగులు చేస్తారు, అదేం చెడ్డది కాదు. 202కి తుప్పు చుక్కలు త్వరగా వస్తాయి, అంతే. పళ్ళేలకు అది చాలు. పులుపు వండే గిన్నె, ఊరగాయ వేసే డబ్బా మాత్రం 304 తీసుకోండి. నేను చదివింది బీకాం కాబట్టి ఒక లెక్క. పళ్ళెం 250 రూపాయలు అనుకుందాం. 15 ఏళ్ళు వాడితే రోజుకు 5 పైసలు కూడా పడదు. చవకదని కొని రెండేళ్ళకోసారి మార్చే మెలమైన్ పళ్ళెం కన్నా ఇదే చవక. మెలమైన్‌లో సలసల కాగే షోర్వా పోయకూడదు, గీతలు పడితే పారేయాలి, మైక్రోవేవ్‌లో అసలు పెట్టకూడదు.

రాగి, ఇత్తడి దేగ్‌లకు కళాయి ప్రాణం. లోపల తగరం పూత ఉన్నంతవరకే అందులో బిర్యానీ. పులుపు నేరుగా రాగికి తగిలితే చిలుము పట్టి, తిన్నవాళ్ళకు వాంతులవుతాయి. లోపల ఎర్రగా కనబడిందంటే మళ్ళీ కళాయి వేయించాలి. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఖాళీ దేగ్‌ని పొయ్యిమీద పెట్టొద్దు. కళాయివాళ్ళు ఇప్పుడు అరుదైపోయారు. దొరికితే అడగాల్సింది ఒకటే, తగరంలో సీసం కలపకుండా వేస్తారా అని. నాలుగు రూపాయలు ఎక్కువైనా శుద్ధ తగరమే వేయించండి.

తోమడం దగ్గర మనం చేసే పెద్ద పొరపాటు సిల్వర్ గిన్నెని తళతళలాడించడం. రమజాన్ ముందు ఇంట్లో గిన్నెలన్నీ దించి స్టీలు పీచుతో తోమే అలవాటు మా ఇంట్లోనూ ఉంది. అల్యూమినియం మీద గాలికి, మరిగే నీళ్ళకు సన్నని పొర ఏర్పడుతుంది. లోపల కొంచెం నల్లబడినట్టు కనబడేది అదే. అది మురికి కాదు, లోహానికి కవచం. దాన్ని గీకేసి తెల్లగా చేస్తే, ఆ తర్వాత వండే పులుసుకు పచ్చి లోహం దొరుకుతుంది. కట్టెల బూడిద, సోడా కూడా అల్యూమినియాన్ని తింటాయి. బూడిదతో స్టీలు తోముకోవచ్చు, చింతపండుతో ఇత్తడి తోముకోవచ్చు, సిల్వర్‌కి మాత్రం మెత్తని పీచు, సబ్బు చాలు. కుంకుడుకాయ ఈ కొండల్లోనే దొరుకుతుంది. గిరిజన సహకార సంస్థ కొంటుంది కూడా. నానబెట్టి పిసికిన రసం జిడ్డుకు బాగానే పనిచేస్తుంది, నురుగు తక్కువని కంగారుపడొద్దు.

స్టీలుకు శత్రువు ఉప్పు. చల్లని నీళ్ళలో ఉప్పువేసి వదిలేస్తే అడుగున చిన్న గుంటలు పడతాయి, నీళ్ళు మరిగాకే వేయండి. బ్లీచింగ్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టడం కూడా అంతే. కొత్త స్టీలు గిన్నెకు పాలిష్ మిగిలి ఉంటుంది. గుడ్డకు కాస్త వంటనూనె రాసి తుడిస్తే నల్లగా వస్తుంది. అది పోయేవరకు తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిలో మటన్ కూర తిన్న పళ్ళెం మీద కొవ్వు నిమిషాల్లో పేరుకుంటుంది, చల్లనీళ్ళు దాన్ని కదిలించలేవు. ముందు కాగితంతో తుడిచి, తర్వాత వేడినీళ్ళు. (పళ్ళెంలో మెతుకు మిగలకుండా వేళ్ళతో ఊడ్చి తినే సున్నత్ పాటించేవాళ్ళకు సగం పని అక్కడే అయిపోతుంది.) వానాకాలం ఇబ్బంది వేరు. ఊటనీరు ఎర్రగా వస్తుంది. ఎంత సబ్బు పెట్టినా చివరి కడుగు ఆ నీళ్ళతోనే అయితే గిన్నె శుభ్రమైనట్టు కాదు. తోమడానికి ఏ నీళ్ళైనా వాడి, చివర ఒక్క చెంబు కాచి చల్లార్చిన నీళ్ళు తిప్పి పోయండి. చంటిపిల్లల గిన్నె, చెంచా మరిగే నీళ్ళలో వేసి తీయండి. తడిగుడ్డతో తుడవడం కన్నా బోర్లించి ఆరబెట్టడం మేలు. గుడ్డలో, స్పాంజీలో ఉండే క్రిములు గిన్నెలో ఉండవు. రాత్రి పాత్రల మీద మూత పెట్టమన్న హదీసు తెలిసిందే. ఎలుకలు, బొద్దింకలు తిరిగే కొండ ఇళ్ళలో అది ఇంకా అవసరం.

దావత్‌కి వందమంది వస్తే ఇన్ని పళ్ళేలు కడిగేదెవరని ప్లాస్టిక్ పళ్ళేలు తెస్తారు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, చెంచాలకు దేశమంతటా నిషేధం ఉంది. ఇక్కడ అడవిలోనే అడ్డాకు తీగ ఉంది. ఆ ఆకులు కుట్టి ఆదివాసీ ఆడవాళ్ళు విస్తర్లు చేస్తారు. వేడి బగారా అన్నం పెట్టినా లోపల కరిగేదేమీ లేదు. కొన్నాక నీళ్ళతో ఒకసారి దులిపి తుడవాలి, తడిగా కట్టకట్టి ఉంచితే బూజు పడుతుంది.

చివరిగా, ఇంట్లో ఉన్న పాత పోత గిన్నె సంగతి. చాలామంది పనిమనిషికో, బీదవాళ్ళకో ఇచ్చేస్తారు. మన పిల్లలకు వద్దనుకున్నది వాళ్ళ పిల్లలకు ఎలా ఇస్తాం? పాతసామాను బండికి వేస్తే కరిగి మళ్ళీ ఎవరి వంటింటికో గిన్నెగా చేరవచ్చు. మా నానీ వాడిన పెద్ద సిల్వర్ తపేలా ఒకటి ఇంట్లో ఉంది, ఎవరు చేశారో గుర్తు లేదు, గుర్తింపూ లేదు. పారేయడానికి అమ్మీకి మనసు రాలేదు. ఇప్పుడు అందులో వరండా కడిగే నీళ్ళు పడుతున్నాం.