ఉప్పు ఎక్కువైతే కణం ఏమవుతుంది?

కొల్లేటి లంకలోని మా ఇంట్లో తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నప్పుడు, లీటరు నీళ్లలో కలపవలసిన ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు మొత్తాన్ని మా నాయనమ్మ ఒక్క గ్లాసు నీళ్లలో కలిపేసింది. ప్యాకెట్టు మీది అక్షరాలు చదవగలిగినవారు అప్పట్లో మా ఇంట్లో లేరు. ఏ.ఎన్.ఎం. అక్క చూసి పారబోయించింది. ఉప్పు ఎక్కువైతే ఏమవుతుందో మాకు పీజీలో జీవరసాయనశాస్త్రం చదివేటప్పుడు అర్థమైంది.

చేపకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుందని మన కొల్లేటి వారందరికీ తెలుసు. కణమూ అంతే. చుట్టూ ఉప్పు పెరిగితే లోపలి నీరు బయటికి వచ్చి కణం ముడుచుకుపోతుంది. ఆసుపత్రిలో మామూలుగా ఎక్కించే సెలైన్‌లో ఉప్పు 0.9 శాతమే ఉండడానికి కారణమిదే.

ఇక వైరస్ సంగతి. వైరస్ సోకిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి పక్క కణాలను హెచ్చరిస్తుంది. దీనిని 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు లండన్‌లో కనుగొన్నారు. హెచ్చరిక అందిన కణాలు వైరస్‌ను అడ్డుకునే ఎన్నో ప్రోటీన్లను తయారుచేసుకుంటాయి. ఇవన్నీ తయారయ్యేది రైబోజోములలో. ఉప్పు ఒత్తిడి దెబ్బతీసేది సరిగ్గా అక్కడే. 1970లలో ప్రయోగశాలలో పెంచిన మానవ కణాల ద్రవంలో ఉప్పు పెంచి చూశారు. కణం సొంత ప్రోటీన్ల తయారీ బాగా తగ్గింది, పోలియో వైరస్ ప్రోటీన్ల తయారీ మాత్రం అంతగా తగ్గలేదు. అంటే ఇంటివాడి పొయ్యి ఆరిపోయినా దొంగ వంట సాగుతూనే ఉందన్నమాట!

అలాగని పచ్చడి తింటే రోగనిరోధక శక్తి పోతుందనుకోరాదు. గాజు పాత్రలోని కణం వేరు, మనిషి ఒళ్లు వేరు. రక్తంలో ఉప్పు పెరగకుండా మూత్రపిండాలు, దాహం కాపలా కాస్తాయి. పైగా చర్మంలో చేరిన ఉప్పు కొన్ని రక్షణ కణాలకు సూక్ష్మజీవులతో పోరాడడంలో సాయపడుతుందని ఎలుకలపై చేసిన ప్రయోగాలు తెలిపాయి. అలాగే 2020లో కరోనా వచ్చినప్పుడు ఉప్పునీరు పుక్కిలిస్తే వైరస్ చస్తుందని ఊరూరా ప్రచారం జరిగింది. అందుకు ఆధారం లేదు.

కాని విరేచనాలతో నీరు కోల్పోయిన పసిబిడ్డకు ఆ కాపలా చాలదు. ఉప్పు ఎక్కువైన ద్రావణం పేగులోకి మరింత నీటిని లాగుతుంది, రక్తంలో ఉప్పును పెంచి ప్రాణం మీదికి తెస్తుంది. ప్యాకెట్టు లేనప్పుడు లీటరు కాచి చల్లార్చిన నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు చాలు. చెంచా అంటే టీ చెంచా, అదీ తలగొట్టి.

తమ్ముళ్లారా, సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు ఆ ప్యాకెట్టు మీది అక్షరాలు ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి. మన చదువు ముందుగా ఉపయోగపడవలసింది అక్కడే.