హెచ్ నడుము ఎటు పోయింది?

మొన్న మా ఇంటికి ఒక పెళ్లిపత్రిక వచ్చింది. మీగడ రంగు అట్ట మీద బంగారు రంగు ఇంగ్లీషు అక్షరాల్లో వధూవరుల పేర్లు. నిలువు గీతలు స్తంభాల్లా లావుగా, అడ్డగీతలు వెంట్రుకల్లా సన్నగా, చూడముచ్చటగా ఉన్నాయి. వాటి కిందే అదే ఫాంటులో, చీమ తలకాయంత సైజులో ఫంక్షన్ హాలు చిరునామా. బాబాయి దాన్ని ట్యూబ్‌లైటు కిందికి పట్టుకెళ్లి అటూ ఇటూ తిప్పి, "ఏంట్రా ఇది, హైదరాబాద్‌లో హెచ్ బదులు రెండు కర్రలు పాతారు!" అన్నాడు.

నిజమే, హెచ్‌కి నడుము లేదు. చిన్నబడి ‘ఇ’లన్నీ మధ్య గీత పోయి ‘సి’లయ్యాయి. పెద్దబడి ‘ఎన్’ సంగతి మరీ వింత. ఈ ఫాంటులో దానికి నిలువు గీతలే సన్నవి, ఏటవాలు గీత లావు. నిలువులు రెండూ ఎగిరిపోయి ఒక్క వాలుకర్ర మిగిలింది.

ఆ ఫాంటు పేరు బొడోని. జాంబట్టిస్టా బొడోని 1740లో ఇటలీలోని సలుజ్జోలో పుట్టాడు. 1768లో పార్మా ప్రభువు తన ముద్రణాలయాన్ని అతని చేతికి అప్పగించాడు. 1813లో చనిపోయేదాకా అతని కొలువు అక్కడే. అదే కాలంలో పారిస్‌లో ఫిర్మాన్ డీడో కూడా ఇదే దారి పట్టాడు. అంతకుముందు అచ్చక్షరాలకు వెడల్పు పాళీ కలం ఆదర్శం. వీళ్ల కాలానికి మొనదేలిన పాళీ వచ్చింది. దాన్ని కిందికి లాగేటప్పుడు నొక్కితే పాళీ రెండుగా విచ్చుకుని గీత లావెక్కుతుంది, పైకి లేపేటప్పుడు వదిలేస్తే సన్నబడుతుంది. ఆ లావు సన్నాల తేడాను వీళ్లు లోహంలో చివరికంటా లాగారు. అక్షరాల కాళ్ల చివర పాదాల్లా ఉండే చిన్న గీతల్ని సెరిఫ్‌లంటారు. పాత టైపుల్లో అవి కాలి నుంచి వంపు తిరిగి వచ్చేవి. ఇక్కడ దాదాపు వంపు లేకుండా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి.

అంత సన్న గీత అచ్చులో నిలబడాలంటే కాగితం కూడా కలిసి రావాలి. గరుకు కాగితం మీద సిరా పాకి సన్న గీతను ఉబ్బించేస్తుంది. బర్మింగ్‌హామ్‌లో జాన్ బాస్కర్‌విల్ 1757లో వర్జిల్ కావ్యాలను నునుపు కాగితం మీద, చిక్కటి నల్ల సిరాతో అచ్చు వేసి దారి చూపించాడు. బొడోనికి ఆయనంటే గురి.

ఇక పెళ్లిపత్రిక గుట్టు. ఆ రోజుల్లో ఉక్కు పంచ్ మీద అక్షరాన్ని తిరగేసి చెక్కి, దాన్ని రాగిలో దిగగొట్టి, ఆ గుంతలో సీసం పోసి టైపు తీసేవారు. ఏ సైజుకు ఆ సైజు విడిగా చెక్కాల్సిందే. చిన్న సైజు చెక్కేటప్పుడు పనివాడు సన్న గీతను కాస్త లావు చేసేవాడు, అక్షరాన్ని వెడల్పు చేసేవాడు. అదే అక్షరం, ఒళ్లు మాత్రం వేరు. బొడోని పోయాక, 1818లో ఆయన భార్య మార్గెరిటా రెండు సంపుటాలుగా అచ్చు వేయించిన ‘మాన్యువాలే టిపోగ్రాఫికో’ తిరగేస్తే ఒక్కో సైజు వెనకా ఎంత చాకిరీ ఉందో తెలుస్తుంది.

కంప్యూటరుకు ఆ ఓపిక లేదు. ఒక్క బొమ్మను పట్టుకుని సాగదీస్తుంది, కుదిస్తుంది. లెక్క వేసి చూద్దాం. 72 పాయింట్ల అక్షరం ఒళ్లు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు. సన్న గీత అందులో 60వ వంతు అనుకుంటే 0.42 మిల్లీమీటర్లు, హాయిగా కనిపిస్తుంది. దాన్నే 9 పాయింట్లకు కుదిస్తే 0.05 మిల్లీమీటర్లు. అచ్చంగా వెంట్రుక. అంగుళానికి 600 చుక్కలు వేసే ప్రింటరులో ఒక చుక్క వెడల్పు 0.042 మిల్లీమీటర్లు కాబట్టి గీతకు దక్కేది ఒకే ఒక్క చుక్క. అంగుళానికి 96 పిక్సెళ్లున్న తెర మీద అది పిక్సెల్‌లో అయిదో వంతు. అయిదో వంతు పిక్సెల్‌ను వెలిగించడం కుదరదు గనక తెర ఆ పిక్సెల్‌కు లేత బూడిద రంగు పూసి ఊరుకుంటుంది. లావు గీతలు మాత్రం నల్లగా నిలబడతాయి. పేజీ అంతా కటకటాల వరసలా మెరిసి కళ్లు జిగేలుమంటాయి.

దీనికి విరుగుడూ ఉంది. 1990ల మొదట్లో ‘హార్పర్స్ బజార్’ పత్రిక కోసం జోనథన్ హోఫ్లర్ గీసిన ‘డీడో’ ఫాంటుకు ఏడు సైజులకు ఏడు రూపాలున్నాయి. 1994లో వచ్చిన ‘ఐటీసీ బొడోని’ ఫాంటును గీసిన బృందం పార్మా వెళ్లి అసలు పంచ్‌లను పరిశీలించి 6, 12, 72 పాయింట్లకు మూడు రూపాలు చేసింది. మళ్లీ పాత పనివాడి దారికే వచ్చారన్నమాట.

‘వోగ్’ పత్రిక పేరు ఈ కుటుంబపు అక్షరాల్లోనే ఉంటుంది. అత్తరు సీసాలు, నగల ప్రకటనలు, సినిమా పోస్టర్లు, ఎక్కడ చూసినా ఇవే. పెద్ద సైజు, చుట్టూ బోలెడు ఖాళీ ఉంటే వీటికి సాటి లేదు. మందుల చీటీకీ, బస్సు బోర్డుకీ మాత్రం నేను చస్తే వాడను.

పత్రిక వెనక తెలుగు ఉంది. తాటాకు మీద గంటంతో గీసినట్టు, మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు గీతతో ఉన్న మామూలు తెలుగు ఫాంటు, సైజు అంతే చిన్నది. బాబాయి అట్ట తిరగేసి, కళ్లజోడు కూడా పెట్టుకోకుండా హాలు పేరు, వీధి, ముహూర్తం గడగడా చదివేశాడు.