కుక్కా కోళ్లూ ఒకే వాకిట్లో

ఈసారి గూళ్ల రేటు, ఊజి ఈగ సంగతి పక్కన పెట్టి వాకిట్లోకి వస్తాము.

మా కోలారు, చింతామణి, శిడ్లఘట్ట వైపు గానీ, హొసూరు, డెంకణికోట వైపు గానీ పురుగులు మేపే చాలా ఇండ్లలో ఒక కుక్క, పదో పదిహేనో నాటుకోళ్లు ఉంటాయి. కుక్క ఉంటే షెడ్డు చుట్టూ కాపలా. రాత్రి అడవిపిల్లి, పగలు ముంగిస కోళ్ల దగ్గరికి రావడానికి జంకుతాయి. కోళ్లు ఉంటే గూళ్ల డబ్బు చేతికి వచ్చేలోపు ఆకు కోసే కూలికో, పిల్లల ఖర్చుకో ఆడవాళ్ల చేతిలో నాలుగు రూపాయలు ఆడతాయి. రెండూ కావాల్సినవే. ఆ కాపలా కుక్కే కోళ్ల మీద పడితే?

మా ఇంట్లో అదే జరిగింది. కరియ అని ఒక నల్ల కుక్క, అప్పటికి పదకొండు నెలలది. ఆ రోజు పురుగులు పండినాయి. ఇంటిల్లిపాదీ షెడ్డులోనే, పండు పురుగులు ఏరి చంద్రికల మీద వేస్తున్నాము. కోళ్ల గూటికి గొళ్లెం ఎవరు వేయాలో వాళ్లు వేయలేదు. (ఎవరు అనేది ఇప్పటికీ తేలలేదు, తేలదు కూడా.) తెల్లారి చూస్తే తొమ్మిది కోళ్లలో ఐదు చచ్చి పడి ఉన్నాయి. ఒక్కదాన్నీ తినలేదు. వాకిలంతా ఈకలు. కరియ తోక ఊపుకుంటూ మా దగ్గరికి వచ్చింది.

అమ్మ ఆ రోజంతా మాట్లాడలేదు. సాయంత్రం, "దీన్ని ఎక్కడన్నా వదిలేసి రాండి" అనింది. పక్కింటి తాత ఒక ఉపాయం చెప్పినాడు: చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టి మూడు రోజులు ఉంచితే జన్మలో మళ్లీ ముట్టదని. మీ ఊళ్లలోనూ ఈ మాట విని ఉంటారు. మేమూ కట్టినాము, రెండు దెబ్బలూ వేసినాము. వాసన భరించలేక రెండో రోజే విప్పేసినాము. వారం తిరగకముందే ఆరో కోడి పోయింది, అదీ మేము తోటలో ఉన్నప్పుడు.

తర్వాత పశువుల డాక్టరు వివరంగా చెప్పినాక తప్పు ఎక్కడుందో అర్థమయింది. ఎప్పుడో చేసిన పనికి ఇప్పుడు కొడితే కుక్కకు ఆ రెంటికీ ముడి తెలియదు. దానికి తెలిసేది ఒక్కటే: మనుషులు ఉన్నప్పుడు కోడి దగ్గర ఉంటే దెబ్బలు పడతాయి. అందుకని మనుషులు లేనప్పుడు పడుతుంది. మేము నేర్పింది అదే.

కుక్క కోడిని పట్టడానికి ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి పరుగు. కోడి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తూ పరిగెత్తితే, తరమడం కుక్క రక్తంలోనే ఉంది. ఆకలితో పని లేదు. ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు కుక్కకు ఇది ఆట కూడా. పగలంతా గొలుసుకు కట్టేసి ఉంచిన కుక్క అయితే విప్పగానే ఆ ఊపు అంతా కోళ్ల మీదే తీస్తుంది. రెండోది తిండి. కుక్కకు వేసిన ముద్ద దగ్గరికి కోడి వచ్చి ముక్కు పెడితే కుక్క ఊరుకోదు. దీన్ని మనం గమనించము. కుక్క పళ్లెం కోళ్లు రాని చోట, కోళ్లకు గింజలు కుక్క లేని చోట వేస్తే సగం గొడవ తగ్గుతుంది. శిడ్లఘట్ట వైపు రీలర్ల దగ్గర నుంచి ప్యూపా తెచ్చి కోళ్లకు వేసేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఆ వాసనకు కుక్క ఎంత దూరం నుంచైనా వస్తుంది.

ఇక పరిచయం చేసే పద్ధతి. ముందు సమయం చూసుకోండి. నాలుగో జ్వరం లేచిన పురుగులు షెడ్డులో ఉన్నప్పుడు మొదలుపెట్టవద్దు. ఆ వారం మనకే నిద్ర ఉండదు, కుక్క మీద కన్ను ఎవరు వేస్తారు? గూళ్లు మార్కెట్టుకు వేసి, మళ్లీ చాకీ పురుగులు తెచ్చేలోపు దొరికే విరామమే దీనికి సరైనది. అయితే షెడ్డు కడిగి బ్లీచింగ్, సున్నం కొట్టేది కూడా అప్పుడే. నేల ఆరిందాకా రెండింటినీ ఆ వైపుకు రానీయకండి.

మొదటి కొన్ని రోజులు కోళ్లు మెష్ లోపల, కుక్క తాడుతో మన చేతిలో. ముందు కుక్కను తోట చుట్టూ బాగా నడిపించి అలిసిపోయినాక తీసుకురండి. ఇరవై ముప్పై అడుగుల దూరంలో నిలబడండి. కుక్క కోళ్లను చూస్తుంది, చూడనీయండి. పేరు పెట్టి పిలవండి. కోళ్ల మీద నుంచి కన్ను తిప్పి మన వైపు చూసిన ఆ క్షణమే ఒక బిస్కెట్ ముక్క. ఆలస్యం చేస్తే దేనికి ఇచ్చినామో దానికి తెలియదు. ఐదు పది నిమిషాలు చాలు, పూటకు ఒకసారి. రోజులు గడిచే కొద్దీ దూరం కొంచెం కొంచెం తగ్గించండి. మెష్ పక్కనే పడుకుని ఆవలించే స్థితి వచ్చిందాకా మెష్ తీయవద్దు. మా కరియకు అంతవరకు పద్దెనిమిది రోజులు పట్టింది. కొన్నిటికి వారం, కొన్నిటికి రెండు నెలలు.

ఇక్కడ కుక్క ఒళ్లు చదవడం తెలియాలి. నోరు మూసుకుని, ఒళ్లు బిగబట్టి, చెవులు ముందుకు పెట్టి, రెప్ప వేయకుండా ఒకే కోడిని చూస్తున్నా, ముందు కాలు ఎత్తి నిలబడినా, వణుకుతున్నా అది దూకడానికి ముందు మాట. అరవకుండా వెనక్కి తీసుకుపోండి, మరుసటి రోజు దూరం పెంచండి. మొరగలేదు కాబట్టి మంచిదే అనుకోకండి, తరిమే కుక్క ముందు నిశ్శబ్దంగానే ఉంటుంది. నేల వాసన చూస్తూ, తోక వదులుగా ఉంచి, అటూ ఇటూ తిరుగుతూ ఉంటే సరే.

తర్వాత కోళ్లను వదిలి, కుక్కను తాడుతోనే మధ్యలో తిప్పాలి. ఆ తర్వాత తాడు నేల మీద ఈడ్చుకుంటూ తిరగనీయాలి, అవసరం వస్తే కాలితో తొక్కి ఆపడానికి. పొదిగి పిల్లలతో తిరిగే పెట్టను మాత్రం ఈ పనిలోకి తేకండి. అది కుక్క కంటి మీదికే దూకుతుంది, కుక్క తిరగబడితే ఒక్క క్షణం చాలు. పిల్లలు ఎదిగిందాకా గంప కిందనో, వేరే చోటనో ఉండాలి.

మెష్ సంగతి. పలచని కోళ్ల జాలీని కుక్క పళ్లతో చింపుతుంది. వెల్డ్ మెష్ తీసుకోండి, అడుగున ఒక అడుగు మట్టిలోకి దించండి, లేకపోతే తవ్వుతుంది. మా ఇంట్లో అటక మీద పడి ఉన్న పాత వెదురు చంద్రికలు రెండు మెష్‌కు ఆనించినాము. కంచెగా కాదు, మరుగుగా. కుక్కను చూసి భయపడిన కోడి వాటి వెనక్కి పోయి నిలబడుతుంది, పరుగు తగ్గుతుంది. కోడి పరిగెత్తకపోతే కుక్కకూ ఊపు రాదు.

వేట జాతి కుక్కలు తెచ్చుకున్నవాళ్లకు ఒక మాట. ముధోళ్, రాజపాళయం, చిప్పిపారై లాంటివి వందల ఏండ్లుగా జంతువును తరమడానికే పెంచినవి. వాటిలోనూ నెమ్మదైనవి ఉండవచ్చు. అయినా అలాంటి ఇండ్లలో మెష్ ఎప్పటికీ ఉండాల్సిందేనని మా అభిప్రాయం. అన్నిటికంటే సులువు, రెండు మూడు నెలల కుక్కపిల్లను కోళ్ల మధ్యనే, మన కళ్ల ముందు పెంచడం.

ఒకవేళ కోడిని పట్టేస్తే పరిగెత్తి అరవకండి, కుక్క ఇంకా గట్టిగా పడుతుంది. విడిపించిన కోడి ఈకలు తీసి చూడండి. పైకి చిన్న గాటే కనిపించినా లోపల లోతుగా ఉంటుంది. చీకటిగా, వెచ్చగా ఉండే చోట ఉంచి డాక్టరుకు చూపించండి. విడిపించేటప్పుడు మన చేతికి పన్ను తగిలితే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాలి, మన కుక్కే కదా అనుకోవద్దు. కుక్కకు మూడు నెలల వయసులో రేబీస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పినట్లు ఏటా.

ఇంకొకటి, ఇది కుక్క సంగతి కాదు కానీ చెప్పకుండా ఉండలేము. పాలు కారే పురుగులు, సున్నం కట్టిన పురుగులు ఏరి కోళ్లకు విసిరేవాళ్లు ఇంకా ఉన్నారు. రోగం రెట్టతో, కాళ్లతో వాకిలంతా చేరి మళ్లీ షెడ్డులోకే వస్తుంది. బ్లీచింగ్, సున్నం కలిపిన బకెట్లో వేసి పూడ్చండి.

కరియకు ఇప్పుడు మూడేళ్లు. పొద్దున కోళ్లను వదిలితే అరుగు మీద పడుకుని చూస్తుంది, ముంగిస వాసన తగిలితేనే లేస్తుంది. అయినా పురుగులు పండే రోజు మాత్రం కోళ్ల గూటి గొళ్లెం అమ్మే వేస్తుంది. వేసి, ఇంకోసారి లాగి చూసుకుని మరీ షెడ్డులోకి వస్తుంది.