స్లైడులోకి ఎక్కనంటున్న వీడియో

సికింద్రాబాద్ స్టేషన్‌ను ఆనుకుని ఉన్న రెజిమెంటల్ బజార్‌కు ఆ పేరు ఒకప్పటి కంటోన్మెంటు పటాలాల వల్ల వచ్చింది. దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయమైన రైల్ నిలయం కూడా అక్కడికి పెద్ద దూరమేం కాదు. రైల్వే కుటుంబాల్లో పదవీ విరమణ సన్మానం అంటే ఇప్పుడు దండా శాలువాలతో సరిపోదు, ఒక స్లైడ్‌షో కూడా ఉండాలి. పాత ఫొటోలు, పనిచేసిన ఊళ్ళ పేర్లు, చివర్లో డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో కొడుకో కూతురో పంపిన శుభాకాంక్షల వీడియో. సరిగ్గా ఆ వీడియో దగ్గరే పవర్‌పాయింట్ మొరాయిస్తుంది. ఈ ఫైలు నుంచి వీడియోను చేర్చలేకపోతున్నాను, కావలసిన కోడెక్‌లు ఉన్నాయో లేదో చూసుకోండి అనే అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం ఒకటి తెర మీద పడుతుంది. కోడెక్ అంటే ఏమిటో తెలియని మనిషికి ఆ వాక్యం వల్ల ఒరిగేదేమీ లేదు. ఇక ఎవరికి తోచిన వైద్యం వాళ్ళది. ఒకరు ఫైలు పేరు చివరి అక్షరాలు మారుస్తారు, ఒకరు సిస్టమ్ ఆపి మళ్ళీ ఆన్ చేస్తారు, ఇంకొకరు ఆఫీస్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కిస్తారు. ఇవేవీ సాధారణంగా పనిచేయవు. జబ్బు ఫైలు పేరులోనూ లేదు, పవర్‌పాయింట్‌లోనూ లేదు. ఫైలు లోపల దృశ్యాన్ని ఏ పద్ధతిలో కుదించారన్న దానిలో ఉంది.

కుదించడం ఎందుకంటే, కుదించకపోతే వీడియో అనేది మన చేతికి అందే వస్తువే కాదు. 1920 అడ్డం, 1080 నిలువు చుక్కలున్న ఒక్క చిత్రానికి, చుక్కకు 3 బైట్ల చొప్పున, 62 లక్షల బైట్లు కావాలి. సెకనుకు 25 చిత్రాలంటే దాదాపు 155 మెగాబైట్లు, నిమిషానికి 9 గిగాబైట్ల పైమాట. అందుకే కెమెరా ఒక చిత్రానికీ తర్వాతి చిత్రానికీ మారినదాన్ని మాత్రమే లెక్కగట్టి రాసుకుంటుంది. ఆ లెక్కగట్టే పద్ధతి, దాన్ని తిరిగి విప్పే పద్ధతి కలిపి కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 అనే హెచ్‌ఈవీసీ, 2018లో వచ్చిన ఏవీ1 అలాంటివి. ఎంపీ4, ఎంఓవీ, ఏవీఐ అంటూ ఫైలు పేరు చివర కనిపించేవి కోడెక్‌ల పేర్లు కావు, ఆ సరుకును మోసే బళ్ళ పేర్లు. ఈ తేడాకు సికింద్రాబాద్‌లోనే మంచి పోలిక ఉంది. 1874లో వాడి నుంచి వచ్చిన నిజాం రైలు మార్గం బ్రాడ్‌గేజి. 1900 ప్రాంతంలో మన్మాడ్ వైపు వేసిన గోదావరి లోయ మార్గం మీటర్‌గేజి. గేజి మారిన చోట మూటల్ని ఒక బండి నుంచి దించి మరో బండికి ఎక్కించాల్సిందే, కానీ మూట విప్పాల్సిన పని లేదు. ఎంఓవీ, ఎంపీ4 కూడా అంతే. లోపలి మూట ఒకటే కావచ్చు, వేరు కావచ్చు. బండి మీద పేరు మార్చి రాసినంత మాత్రాన లోపలి సరుకు మారదు.

ఇది ఊహ కాదనడానికి ఎవరైనా చూడగలిగే నిదర్శనం వాట్సాప్‌లోనే ఉంది. అమెరికా నుంచి వచ్చిన వీడియో మసకగా ఉందని, అదే వీడియోను డాక్యుమెంట్‌గా పంపమని అడుగుతారు. మసక వీడియో స్లైడులోకి చక్కగా ఎక్కుతుంది, స్పష్టమైనది ఎక్కదు. దాంతో ఫైలు సైజు ఎక్కువైంది కాబట్టే పవర్‌పాయింట్ తీసుకోవడం లేదని తేల్చేస్తారు. జరిగింది వేరు. మామూలుగా పంపినప్పుడు వాట్సాప్ వీడియోను చిన్నది చేస్తూ, చాలావరకు హెచ్.264లోకి మార్చేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఐఫోన్ తీసింది తీసినట్టే వస్తుంది, అంటే హెచ్‌ఈవీసీ. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి కొత్త ఐఫోన్లు వీడియోను అలాగే తీస్తున్నాయి. ఆపిల్ చెప్పే లెక్క ప్రకారం 1080 నాణ్యతలో ఒక నిమిషం వీడియో హెచ్‌ఈవీసీలో సుమారు 60 మెగాబైట్లు, పాత పద్ధతిలో 130. ఫోన్‌లో చోటు ఆదా అయిన మాట నిజమే, దాని భారం మాత్రం ఇక్కడి ల్యాప్‌టాప్ మీద పడింది. తమాషా ఏమిటంటే ఒకే వీడియోను రెండు రకాలుగా తీస్తే, పెద్ద ఫైలే స్లైడులోకి ఎక్కుతుంది, చిన్నది ఎక్కదు. సైజు మీద వేసిన నింద ఇక్కడే వీగిపోతుంది.

అయితే అదే ల్యాప్‌టాప్‌లో వీఎల్‌సీలో ఆడుతోంది కదా, ఫైలు బాగున్నట్టే కదా అని అడుగుతారు. ఫైలు బాగానే ఉంది. వీఎల్‌సీ తనకు కావలసిన కోడెక్‌లన్నీ తన వెంటే తెచ్చుకుంటుంది, పవర్‌పాయింట్ మాత్రం విండోస్‌లో ఉన్నవాటిని అరువు తీసుకుంటుంది. విండోస్‌లో హెచ్.264 2009 నాటి విండోస్ 7 నుంచే ఉంది. హెచ్‌ఈవీసీ అన్ని సిస్టమ్‌లలోనూ ఉండదు, మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొద్దిపాటి రుసుము కట్టి విడిగా తెచ్చుకోవాలి. కొన్ని ల్యాప్‌టాప్ కంపెనీలు ముందే వేసి ఇస్తాయి కాబట్టే పక్కింటివాళ్ళ సిస్టమ్‌లో పనిచేసింది మన సిస్టమ్‌లో చేయదు. దీని వెనకున్నది సాంకేతిక కష్టం కాదు, పేటెంట్ల గొడవ. హెచ్‌ఈవీసీ హక్కుదారులు ఒకటికి మించిన బృందాలుగా చీలి ఎవరి రుసుము వారు అడగడంతో, దాన్ని ఉచితంగా చేర్చడానికి సాఫ్ట్‌వేర్ సంస్థలు వెనకాడాయి. రుసుము బెడద ఉండకూడదని తెచ్చిన ఏవీ1 పుట్టుకకు ఈ చిరాకు కూడా ఒక కారణం.

అలాగైతే ఆ కోడెక్ ఏదో కొనేసి వేసుకుంటే పోలేదా? ఇంట్లో చూసుకోవడానికైతే పోతుంది. స్లైడ్‌షో ఇంట్లో ఆడేది కాదు. ఫంక్షన్ హాల్లో ప్రొజెక్టర్‌వాళ్ళ పాత ల్యాప్‌టాప్‌లో ఆడాలి, దాన్ని మనం ముందుగా చూసి కూడా ఉండం. మన దగ్గర సరిగ్గా కనిపించింది అక్కడ నల్లతెరగా మారి శబ్దం మాత్రమే వినిపించవచ్చు. మన సిస్టమ్‌ను వీడియోకు తగ్గట్టు మార్చడం కన్నా, దారిలో అన్నిటికన్నా పాత సిస్టమ్ ఏదో దానికి సరిపోయేలా వీడియోను మార్చడమే మేలు. పవర్‌పాయింట్ 2010 కాలంలో క్విక్‌టైమ్ వేసుకోమని చెప్పిన సలహా ఇప్పటికీ నోటా నోటా నడుస్తోంది. విండోస్‌కు క్విక్‌టైమ్ మద్దతును ఆపిల్ 2016లోనే ఆపేసింది. భద్రతా లోపాలున్న ఆ సాఫ్ట్‌వేర్ జోలికి ఇప్పుడు వెళ్ళకపోవడమే మంచిది.

మార్చే ముందు లోపల ఏముందో చూడాలి. వీఎల్‌సీలో వీడియో తెరిచి కంట్రోల్, జే మీటలు కలిపి నొక్కితే చిన్న కిటికీలో చిత్రం కోడెక్, శబ్దం కోడెక్ వేర్వేరు వరుసల్లో కనిపిస్తాయి. అక్కడ హెచ్‌ఈవీసీ అని ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో హెచ్.264 చిత్రం, ఏఏసీ శబ్దం ఉన్న ఎంపీ4గా మార్చుకోవాలి. హెచ్.264, ఏఏసీ ముందే ఉండి బండి మాత్రమే వేరైతే, మూట విప్పకుండా బండి మార్చే వీలు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి పనిముట్లలో ఉంది. అది క్షణాల్లో అయిపోతుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. మొదటి పద్ధతిలో మళ్ళీ కుదించడం వల్ల నాణ్యత పోతుందన్న అభ్యంతరం నిజమే, కొంత పోతుంది. కానీ ఫంక్షన్ హాలు ప్రొజెక్టర్ వెలుతురులో ఆ తేడా పట్టుకునే కన్ను అరుదు. వాట్సాప్ చేసే కోతతో పోలిస్తే ఇది లెక్కలోకి రాదు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్ దగ్గర ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుని తీయమని పంపేవాళ్ళకు ముందే చెబితే ఈ పని కూడా తప్పుతుంది.

పవర్‌పాయింట్ పూర్తిగా నిర్దోషి అని మాత్రం అనలేం. మీడియాను అనుకూలంగా మార్చే ఏర్పాటు దానిలోనే ఉంది, కానీ వీడియో లోపలికి వచ్చాకే అది పనిచేస్తుంది. గుమ్మంలోనే ఆగిపోయిన ఫైలుకు దాని వల్ల ప్రయోజనం శూన్యం. ఫలానా ఫైలులో ఫలానా కోడెక్ ఉంది, నా దగ్గర లేదు అని ఒక్క ముక్క సూటిగా చెప్పినా సగం తిప్పలు తప్పేవి. ఇంకో చిక్కు, 2010కి ముందు వీడియో స్లైడుల ఫైలులో చేరేది కాదు, అది ఎక్కడుందో గుర్తు మాత్రమే ఉండేది. పాత పీపీటీ రూపంలో దాచుకునేవాళ్ళకు, కొత్తదానిలోనూ ‘లింక్’ అని ఎంచుకున్నవాళ్ళకు ఇప్పటికీ అదే గతి. పెన్‌డ్రైవ్‌లో స్లైడులు మాత్రమే హాలుకు వెళ్తాయి, వీడియో ఇంట్లోనే ఉండిపోతుంది. అనుమానముంటే పీపీటీఎక్స్ ఫైలుకు నకలు తీసి, దాని పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. మీడియా అనే ఫోల్డర్‌లో వీడియో కనిపించాలి. ఫైలు పేరు మార్చడం నిజంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే, ఎందుకంటే పీపీటీఎక్స్ అసలు పుట్టుకే జిప్.

వీఎల్‌సీలో కూడా ఆడని ఫైలు సంగతి వేరు. ఎంపీ4లో ఏ చిత్రం ఎక్కడుందో చెప్పే పట్టికను ఫోన్లు సాధారణంగా రికార్డింగ్ ముగిశాక చివర్లో రాస్తాయి. మధ్యలో బ్యాటరీ అయిపోతేనో, డౌన్‌లోడ్ సగంలో తెగితేనో ఆ పట్టిక ఉండదు. దృశ్యమంతా లోపలే ఉన్నా దాన్ని విప్పే దారి తెలియదు. డౌన్‌లోడ్ తెగినదైతే మళ్ళీ దించుకుంటే సరిపోతుంది. రికార్డింగే తెగినదైతే, అదే ఫోన్‌తో అదే సెట్టింగ్‌లో తీసిన మంచి వీడియోను నమూనాగా ఇచ్చి పట్టికను తిరిగి అల్లే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. ఒక్కోసారి కుదురుతుంది. కుదరకపోతే డాలస్‌కు ఫోన్ చేసి మరోసారి తీయమనడమే.